కార్ట్‌లోని అంకె ఎవరిది? వెబ్ కోడ్‌లో పారడైమ్‌ల లెక్క

మా పిన్ని కొడుకు గాజువాకలో ఉంటాడు. బీటెక్ ఆఖరి సంవత్సరం. పోయిన నెల ఒక ఇంటర్వ్యూకి వెళ్లి, అక్కణ్నుంచి నేరుగా ఆర్కే బీచ్‌కి వచ్చి నన్ను కలిశాడు. మొహం వాడిపోయి ఉంది. "అన్నయ్యా, రియాక్ట్ ఆబ్జెక్ట్ ఓరియెంటెడా, ఫంక్షనలా అని అడిగారు. ఫంక్షనల్ అన్నాను. ఫంక్షనల్ అంటే ఏదీ మారకూడదు కదా, మరి యూజ్‌స్టేట్ ఎందుకుంది అన్నారు. అక్కడే ఆగిపోయాను" అన్నాడు.

రియాక్ట్ అంటే వెబ్ పేజీల తెరలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. యూజ్‌స్టేట్ అందులో మారే విలువలను ఉంచుకోవడానికి వాడే ఫంక్షన్. వాడి తప్పేం లేదు. మన కాలేజీల్లో సీ ఒక సెమిస్టర్‌లో వస్తుంది, జావా ఇంకో సెమిస్టర్‌లో, డేటాబేస్ మరో దాంట్లో, వెబ్ టెక్నాలజీస్ చివర్లో. దేని పరీక్ష దానిదే. ఈ నాలుగూ రేపు ఒకే వెబ్ పేజీలో కలిసి పనిచేస్తాయని, ఒక్కోటీ ఒక్కో ఆలోచనా పద్ధతి అని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే చాలామందికి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్, ఫంక్షనల్ లాంటి పారడైమ్‌లు రాజకీయ పార్టీల్లా కనిపిస్తాయి. ఏదో ఒకదాంట్లో చేరాలి, రెండోదాన్ని తిట్టాలి అనుకుంటారు. రుషికొండ ఐటీ హిల్స్ మీద ఐదారేళ్లుగా కోడ్ రాస్తున్నవాళ్లు కూడా ఈ గొడవ పడటం నేను చూశాను.

పారడైమ్ అంటే భాష కాదు, ఫ్రేమ్‌వర్క్ కాదు. సమస్యను ఏ వైపు నుంచి పట్టుకుంటాం అన్నదే పారడైమ్. 1978లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న సందర్భంలో రాబర్ట్ ఫ్లాయిడ్ చేసిన ప్రసంగమంతా ఈ మాట మీదే. ప్రోగ్రామర్‌గా ఒక మనిషి ఎదగాలంటే తన దగ్గరున్న పారడైమ్‌ల సంఖ్య పెంచుకుంటూ పోవాలన్నారాయన. ఒకటి పట్టుకుని మిగతావి వదిలెయ్యమనలేదు.

నా మటుకు నాకు వీటన్నిటినీ కలిపే దారం ఒకటుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా మారే విషయాలు ఉంటాయి. కార్ట్‌లో ఎన్ని ఐటమ్స్ ఉన్నాయి, యూజర్ లాగిన్ అయ్యాడా లేదా, సెర్చ్ బాక్స్‌లో ఏం టైప్ చేశాడు, ఇలాంటివి. దీన్నే స్టేట్ అంటారు. ఈ స్టేట్ ఎక్కడ ఉండాలి, దాన్ని మార్చే హక్కు ఎవరికుండాలి? ఈ ప్రశ్నకు ఒక్కో పారడైమ్ ఒక్కో జవాబు చెప్తుంది. అలా చూస్తే పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన టెన్షన్ పోతుంది.

బండి దగ్గర రెండు రకాల మాటలు

మేం నిలబడింది కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త ఇవతల, ఒక మురీ మిక్చర్ బండి దగ్గర. "బాబాయ్, రెండు కట్టు. ఒకదాంట్లో కారం తక్కువ, నిమ్మకాయ గట్టిగా పిండు" అన్నాను. అంతే. ఆయన గిన్నెలో మురీలు పోశాడు, ఉల్లిపాయ, టమాటా తరుగు వేశాడు, వేయించిన వేరుశనగ గుళ్లు చల్లాడు, కారం ఒక చిటికె వేసి, నిమ్మచెక్క పిండి, గరిటెతో గలగలా కలిపి పొట్లంలోకి వంచాడు. నాకేం కావాలో నేను చెప్పాను. ఎలా చెయ్యాలో ఆయన చూసుకున్నాడు. డిక్లరేటివ్ అంటే ఇదే.

అదే పని మా తమ్ముడితో ఇంట్లో మొదటిసారి చేయిస్తే నా మాటలు వేరేగా ఉంటాయి. గిన్నె తియ్యి. రెండు గుప్పిళ్లు మురీలు పొయ్యి. కారం వెయ్యి. రుచి చూడు, చాలకపోతే ఇంకాస్త వెయ్యి. సరిపోయేదాకా ఇదే చెయ్యి. వరసగా ఆజ్ఞలు, మధ్యలో ఒక షరతు, ఒక లూప్. ఇది ఇంపరేటివ్.

వెబ్‌కి వచ్చేసరికి తమాషా ఏమిటంటే, మనం నేర్చుకునే మొదటి మూడు విషయాల్లో, అంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లలో, మొదటి రెండూ పూర్తిగా డిక్లరేటివ్. హెచ్‌టీఎంఎల్‌లో "ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బటన్" అని చెప్తాం. దాన్ని తెర మీద గీసే పని బ్రౌజర్‌ది. పేజీ ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్‌ను 1994లో హోకోన్ వియుం లీ ప్రతిపాదించారు, అది 1996 డిసెంబర్‌లో మొదటి ప్రమాణంగా వచ్చింది. అందులోనూ అంతే. "ఈ మూడు కార్డులూ వరసగా, సమాన దూరంలో ఉండాలి" అంటాం. ఫోన్ తెర ఎంత వెడల్పు, ఒక్కో కార్డుకి ఎన్ని పిక్సెళ్లు అన్న లెక్క మనం వెయ్యం. హెచ్‌టీఎంఎల్‌లో లూప్ లేదు, షరతు లేదు. కాబట్టి అది పూర్తి ప్రోగ్రామింగ్ భాష కాదనడం సబబే. కానీ అది రాసేవాళ్లను చిన్నచూపు చూడటం మాత్రం తప్పు. ఏం కావాలో కచ్చితంగా చెప్పగలగడం ఇంజినీరింగ్‌లో సగం పని.

డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్ కూడా ఈ కుటుంబమే. డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ మోడల్ గురించి ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన వ్యాసం దీని పునాది. "మద్దిలపాలెం బ్రాంచ్‌కి ఈ నెల వచ్చిన ఆర్డర్లలో 200 రూపాయలు దాటినవి, పెద్దవి ముందు" అని అడుగుతాం. టేబుల్ మొత్తం తిప్పాలా, ఇండెక్స్ పట్టుకుని వెళ్లాలా అన్నది డేటాబేస్ ఇష్టం.

ఈ సౌకర్యానికి ఒక ఖరీదు ఉంది. లోపల జరిగే పని మన కంటికి కనబడదు కాబట్టి, అది నెమ్మదించినప్పుడు కారణమూ కనబడదు. పది వరసల్లో బాగా నడిచిన క్వెరీ పది లక్షల వరసల్లో ఎందుకు ఈడుస్తోందో తెలియాలంటే, ఎక్స్‌ప్లెయిన్ అనే ఆదేశం పెట్టి డేటాబేస్ ఎంచుకున్న దారిని చూడాల్సిందే. డిక్లరేటివ్ కింద ఎక్కడో ఒకచోట ఇంపరేటివ్ ఉండి తీరుతుంది. బాబాయ్ చేతిలో గరిటె ఉన్నట్టే.

మూడు చోట్ల ఒకే అంకె

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక టిఫిన్ సెంటర్‌కి ఆర్డర్ పేజీ చేశాం. పని జేక్వెరీతో. 2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన ఆ లైబ్రరీ అప్పట్లో లేని చోటు లేదు. పేజీ చిన్నదే. పైన కుడివైపు కార్ట్ బొమ్మ మీద ఐటమ్స్ సంఖ్య, మధ్యలో లిస్టు, అడుగున మొత్తం రూపాయలు. ఇడ్లీ పక్కనున్న ప్లస్ నొక్కితే మూడూ మారాలి.

మేం రాసిన కోడ్ ఇలా నడిచేది. పైనున్న అంకెను తెర మీంచి చదువు, ఒకటి కలుపు, తిరిగి అక్కడే రాయి. లిస్టులో ఒక వరస చేర్చు. కిందున్న మొత్తాన్ని చదువు, ధర కలుపు, తిరిగి రాయి. రెండు వారాలు హాయిగా నడిచింది. తర్వాత ఒకరు "తీసెయ్" బటన్ పెట్టారు. ఇంకొకరు కూపన్ పెట్టారు. మొత్తం బోసిగా ఉందని మూడో మనిషి ఆ అంకె ముందు "రూ." అని చేర్చారు.

ఒక శనివారం పొద్దున్నే, టిఫిన్ల రద్దీలో ఫోన్ వచ్చింది. ఒక కస్టమర్ మూడు ఎంచుకుని ఒకటి తీసేశాడు. లిస్టులో రెండే ఉన్నాయి, పైన ఇంకా మూడు అనే ఉంది. "డబ్బులు రెండింటికి కట్ అవుతాయా, మూడింటికా?" అని ఆయన ప్రశ్న. ఇంకో ఆవిడ తెర మీదైతే మొత్తం ఉండాల్సిన చోట ఎన్-ఏ-ఎన్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు. అంటే "ఇది సంఖ్య కాదు" అని జావాస్క్రిప్ట్ చెప్తోంది. "రూ. 85" అనే వాక్యాన్ని చదివి దాన్ని సంఖ్యగా మార్చబోతే అది సంఖ్య కాలేదు మరి.

తీసెయ్ బటన్ రాసినవారు లిస్టునీ మొత్తాన్నీ మార్చారు, పైనున్న అంకెను మరిచారు. అందులో వాళ్ల నిర్లక్ష్యం కన్నా మా కోడ్ కట్టుకున్న తీరుదే ఎక్కువ తప్పు. కార్ట్‌లో ఎన్ని ఉన్నాయన్న నిజం మూడు చోట్ల బతుకుతోంది. పేజీలో ఎవరైనా దాన్ని మార్చొచ్చు. మార్చిన ప్రతివాళ్లూ మిగతా రెండిటినీ గుర్తుపెట్టుకోవాలి. ఇంపరేటివ్ కోడ్ చెడ్డదని నేను అనను. ఎవరు మార్చొచ్చన్న కట్టుబాటు లేని స్టేట్ మాత్రం చెడ్డది. ఆ కట్టుబాటు ఎలా పెట్టాలన్న ప్రశ్నకి మిగతా పారడైమ్‌లు తలా ఒక జవాబు చెప్తాయి.

గడి వేసిన పెట్టె

ప్రొసీజరల్ పద్ధతి గురించి రెండు మాటలు చాలు. వరస ఆజ్ఞలను ఫంక్షన్లుగా విడగొట్టి పేర్లు పెట్టడమే అది. సీ భాష ఇలాంటిదే. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటికి వదిలిన పీహెచ్‌పీతో తొలినాళ్లలో కట్టిన పేజీలూ ఇలాంటివే. చిన్న పనికి ఇప్పటికీ ఇదే సులువు.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ఇచ్చే జవాబు వేరు. స్టేట్‌ను ఒక పెట్టెలో పెట్టి గడి వెయ్యి, దాన్ని మార్చే పనులు కూడా ఆ పెట్టెకే అప్పజెప్పు అంటుంది. బ్యాంకుకి వెళ్తే క్యాష్ డ్రాయర్‌లో మనం చెయ్యి పెట్టం, స్లిప్ రాసి కౌంటర్‌లో ఇస్తాం. అలాగే కార్ట్ అనే ఆబ్జెక్ట్‌కి "చేర్చు", "తీసెయ్", "మొత్తం చెప్పు" అనే మెథడ్స్ ఉంటాయి. లోపలి లిస్టును బయటివాళ్లు ముట్టుకోలేరు. దీన్నే ఎన్‌క్యాప్సులేషన్ అంటారు.

ఈ ఆలోచన నార్వేలో, 1960లలో ఓలె-యోహన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ తయారుచేసిన సిములా భాషలో మొలిచింది. క్యూల్లాంటి నిజ జీవిత వ్యవహారాలను కంప్యూటర్‌లో అనుకరించి చూడటం కోసం వాళ్లకది కావలసి వచ్చింది. మన బీచ్‌లో నిలబడి దూరంగా లంగరు వేసుకుని ఉన్న ఓడలను చూస్తే అది ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ఒక్కో ఓడకి తన సరుకు, తన వంతు, తాను ఎదురుచూస్తున్న బెర్త్. అన్నీ ఓడలే, దేని స్థితి దానిది. ఓడ అనే క్లాస్ ఒకటి, నీళ్ల మీదున్నవన్నీ దాని ఆబ్జెక్టులు. తర్వాత జెరాక్స్ సంస్థ పరిశోధనా కేంద్రంలో ఆలన్ కే బృందం 1970లలో స్మాల్‌టాక్‌తో దీన్ని చాలా దూరం తీసుకెళ్లింది. ఆబ్జెక్టుల కన్నా అవి ఒకదానికొకటి పంపుకునే సందేశాలే అసలు విషయమని ఆలన్ కే ఆ తర్వాత గట్టిగా చెప్పారు. మన పాఠాల్లో ఆ మాట పోయి, ఇన్‌హెరిటెన్స్, అంటే ఒక క్లాస్ గుణాలను ఇంకో క్లాస్ వారసత్వంగా తీసుకోవడం, ఒక్కటే మిగిలింది.

ఇన్‌హెరిటెన్స్ దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. టిఫిన్ సెంటర్ మెనూనే తీసుకోండి. టిఫిన్ అనే క్లాస్. దాని కింద అట్టు. దాని కింద పెసరట్టు. ఇంతవరకూ ముచ్చటగా ఉంది. ఇప్పుడు ఉప్మా పెసరట్టు వచ్చింది. ఇది పెసరట్టు సంతానమా, ఉప్మా సంతానమా? రెండింటికీ వారసుడు అందామంటే జావా లాంటి భాషల్లో ఒక క్లాస్‌కి ఒకే తల్లి క్లాస్ ఉంటుంది. రేపు ఉల్లి పెసరట్టు, నెయ్యి పెసరట్టు, నెయ్యి ఉల్లి ఉప్మా పెసరట్టు వస్తే వంశవృక్షం అడవిలా పెరుగుతుంది. వంటింట్లో ఎవరూ ఇలా ఆలోచించరు. అక్కడ ఉప్మా పెసరట్టు ఎవరికీ వారసత్వం కాదు, ఒక పెసరట్టు, అందులో పెట్టిన ఒక గరిటెడు ఉప్మా. కోడ్‌లో దీన్ని కంపోజిషన్ అంటారు. అనుభవం ఉన్నవాళ్లు వీలైనంతవరకూ దీనివైపే మొగ్గుతారు. నేనూ అంతే.

సర్వర్ వైపు ఈ పద్ధతిదే పెద్ద పీట. 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్, 2005లో వచ్చిన జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లలో డేటాబేస్ టేబుల్ ఒక క్లాస్‌గా, ఒక్కో వరస ఒక్కో ఆబ్జెక్ట్‌గా కనిపిస్తుంది. పీహెచ్‌పీ కూడా 2004లో ఐదో వెర్షన్‌తో పూర్తి స్థాయి క్లాసుల్లోకి వచ్చింది.

జావాస్క్రిప్ట్ కథ మాత్రం కొంచెం వేరు. 1995 మేలో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థలో పది రోజుల్లో దాని తొలి రూపం తయారుచేశారు. బ్రౌజర్‌లోకి స్కీమ్ అనే ఫంక్షనల్ భాషను తేవచ్చన్న మాట మీద ఆయన అక్కడ చేరారు. పైవాళ్లకేమో చూడ్డానికి జావాలా ఉండాలి. అందుకే బట్టలు జావావి, ఫంక్షన్లు స్కీమ్‌వి, ఆబ్జెక్టులు సెల్ఫ్ అనే భాషలోని ప్రోటోటైప్ పద్ధతివి, అంటే క్లాస్ లేకుండా ఒక ఆబ్జెక్ట్ ఇంకో ఆబ్జెక్ట్‌నే ఆధారం చేసుకునే పద్ధతి. పుట్టుకతోనే మూడిళ్ల పిల్ల. 2015లో క్లాస్ అనే మాట చేరినా, కింద నడిచేది ప్రోటోటైపే. క్లాస్‌లోని మెథడ్‌ను తీసి బటన్‌కి అప్పగిస్తే, తన ఆబ్జెక్ట్‌ను సూచించే "దిస్" ఉన్నట్టుండి ఎందుకు మాయమవుతుందో ఈ పుట్టుక తెలిస్తేనే అంతుపడుతుంది. జావాస్క్రిప్ట్‌లో దిస్ అన్నది మెథడ్ ఎక్కడ పుట్టిందన్న దాన్నిబట్టి ఉండదు, దాన్ని ఎలా పిలిచారన్న దాన్నిబట్టి ఉంటుంది.

కొట్టివేతలు లేని పద్దు

ఫంక్షనల్ పద్ధతి ఇంకో దారి పట్టింది. గడి వేసిన పెట్టె కూడా వద్దు, ఉన్నదాన్ని మార్చడమే మానెయ్ అంటుంది. కావాలంటే కొత్తది తయారుచెయ్.

ఇది వినగానే మా వాడు అడ్డుపడ్డాడు. "మార్చకుండా కార్ట్ ఎలా నడుస్తుంది అన్నయ్యా?"

కిరాణా కొట్టులో పద్దు పుస్తకం చూడు అన్నాను. మనం అప్పు తీర్చామని షావుకారు పాత పద్దును చెరిపి దిద్దడు. కింద కొత్త వరస రాస్తాడు. ఇవాళ ఎంత బాకీ అని అడిగితే పైనుంచి కూడుకుంటూ వస్తాడు. బాకీ అనే అంకెను విడిగా ఎక్కడా దాచిపెట్టక్కర్లేదు, అది ఎప్పుడు అడిగితే అప్పుడు లెక్క కట్టే విషయం. తేడా వస్తే ఏ తారీకున వచ్చిందో వేలు పెట్టి చూపించొచ్చు. స్టేట్‌ను చూసుకోవడానికి 2015లో వచ్చిన రిడక్స్ అనే లైబ్రరీ ఇలాంటి ఆలోచన మీదే పనిచేస్తుంది. "ఇడ్లీ చేర్చారు", "పెసరట్టు తీశారు" అనే ఒక్కో యాక్షన్‌నీ పాత స్టేట్‌తో కలిపి కొత్త స్టేట్ ఇచ్చే ఫంక్షన్ ఒకటుంటుంది. పాతది చెక్కుచెదరదు.

దీని వేళ్లు చాలా లోతు. అలోంజో చర్చ్ 1930లలో కట్టిన లాంబ్డా కాలిక్యులస్ అనే ఫంక్షన్ల గణితం, 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ అనే భాష. వెబ్ రాసేవాళ్లకు రోజూ తగిలేది మాత్రం మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్. కార్ట్ లిస్టు తీసుకుని, సున్నా ప్లేట్లు ఉన్నవాటిని ఫిల్టర్‌తో వదిలేసి, ఒక్కోదాని ధరను ప్లేట్లతో హెచ్చవెయ్యమని మ్యాప్‌కి చెప్పి, అన్నీ కూడమని రెడ్యూస్‌కి ఇస్తే మొత్తం వచ్చేస్తుంది. లూప్ లేదు, మధ్యలో మారుతూ పోయే వేరియబుల్ లేదు. అదే లిస్టు ఇస్తే ఎన్నిసార్లయినా అదే మొత్తం. ఇలాంటి ఫంక్షన్‌ను ప్యూర్ ఫంక్షన్ అంటారు. దీన్ని టెస్ట్ చెయ్యడానికి బ్రౌజర్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. ఒక లిస్టు ఇచ్చి జవాబు చూసుకోవడమే.

రియాక్ట్ నేర్చుకునే ప్రతివాళ్లూ ఒకసారి పడే గుంట ఇక్కడే ఉంది. కార్ట్ అర్రేలోకి, అంటే ఐటమ్స్ వరసగా ఉన్న లిస్టులోకి, పుష్ అనే ఆదేశంతో మూడో ఐటమ్ వేసి, అదే అర్రేను సెట్ చేస్తారు. కన్సోల్‌లో చూస్తే మూడు. తెర మీద రెండే. గంటలు గంటలు కూర్చుంటారు. రియాక్ట్ అర్రే లోపలికి తొంగి చూడదు, ఇది పాత అర్రేయేనా, కొత్తదా అని మాత్రమే చూస్తుంది. ఇంటి అడ్రస్ మారనప్పుడు లోపలికి కొత్త మంచం వచ్చిందని పోస్ట్‌మ్యాన్‌కి ఎలా తెలుస్తుంది? పాత ఐటమ్స్ అన్నీ పరిచి, చివర కొత్తది పెట్టి, వేరే అర్రేగా ఇస్తేనే తెర మారుతుంది. ఇమ్మ్యూటబిలిటీ అన్న మాటకి రోజువారీ పనిలో అర్థం ఇదే.

అయితే డబ్బు కట్ కావాలి, డేటాబేస్‌లో రాయాలి, మెసేజ్ పోవాలి. ఇవన్నీ ప్రపంచాన్ని మార్చే పనులే. వీటిని సైడ్ ఎఫెక్ట్స్ అంటారు. ఫంక్షనల్ పద్ధతి వీటిని కాదనదు, లెక్క కట్టే కోడ్‌లో కలపొద్దు, అంచుకి నెట్టి ఒకచోట పెట్టు అంటుంది.

ఒకే మాస్టర్, చాలా ఆర్డర్లు

ఇంతవరకూ స్టేట్ ఎక్కడ ఉండాలన్న సంగతి. అది ఎప్పుడు మారుతుందన్నది ఇంకో చిక్కు. వెబ్ పేజీ మొదలై చివరికి చేరే ప్రోగ్రామ్ కాదు. క్లిక్ కోసం, టైపింగ్ కోసం, సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అందుకే దీన్ని ఈవెంట్ డ్రివెన్ అంటారు.

మన జావాస్క్రిప్ట్ ఒక పేజీలో ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. అంటే పెనం దగ్గర ఒకే మాస్టర్. అట్టు వేసి అది కాలేదాకా గుడ్లప్పగించి చూస్తూ నిలబడితే మిగతా టేబుళ్లన్నీ ఆగిపోతాయి. ఆయన అలా చెయ్యడు. అట్టు వేసి, ఇటు తిరిగి తర్వాతి చీటీ అందుకుంటాడు. అట్టు కాలాక మళ్లీ దానివైపు తిరుగుతాడు. ఈవెంట్ లూప్ అంటే ఇదే. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్‌ను 2009లో ర్యాన్ డాల్ తెచ్చినప్పుడు సర్వర్ వైపు కూడా ఇదే పద్ధతి తీసుకెళ్లారు.

తమ్ముడికి అక్కడే ఒక చిన్న లెక్క ఇచ్చాను. మొదటి లైన్ "ఒకటి" అని ప్రింట్ చేస్తుంది. రెండోది సెట్‌టైమ్‌అవుట్ అనే టైమర్‌తో, సున్నా మిల్లీసెకన్లు పెట్టి "రెండు" అంటుంది. మూడోది అప్పటికే పూర్తయిన ప్రామిస్‌కి (తర్వాత వచ్చే ఫలితానికి ఇచ్చే హామీ చీటీ లాంటిది) జతచేసి "మూడు" అంటుంది. నాలుగోది మామూలుగా "నాలుగు". ఏ వరసలో వస్తాయి? వాడు ఒకటి, రెండు, నాలుగు, మూడు అన్నాడు. వచ్చేది ఒకటి, నాలుగు, మూడు, రెండు. చేతిలో ఉన్న పని పూర్తయ్యాకే మాస్టర్ చీటీలవైపు చూస్తాడు, అందులోనూ ప్రామిస్ చీటీలు టైమర్ చీటీల కన్నా ముందుంటాయి. సున్నా అంటే వెంటనే అని కాదు, "చేతిలో పని అయ్యాక" అని.

పని అయ్యాక పిలవమని ఇచ్చే ఫంక్షన్‌ను కాల్‌బ్యాక్ అంటారు. కాల్‌బ్యాక్‌లో కాల్‌బ్యాక్ పెట్టుకుంటూ పోయి కోడ్ కుడివైపుకి జారిపోయే బాధను 2015లో ప్రామిసులు, 2017లో అసింక్-అవైట్ తగ్గించాయి. అవైట్ రాస్తే అసింక్రనస్ కోడ్, అంటే జవాబు తర్వాతెప్పుడో వచ్చే కోడ్, కూడా మురీ మిక్చర్ తయారీలా వరసగా కనిపిస్తుంది. కంటికి అంతే. అవైట్ దగ్గర ఆగిన క్షణంలో లోకం ఆగదు. సెర్చ్ బాక్స్‌లో ఒకరు "పె" అని కొట్టారు, సర్వర్‌కి ఒక అభ్యర్థన పోయింది. వెంటనే "పెసర" అని పూర్తిచేశారు, రెండోది పోయింది. రెండో జవాబు ముందొచ్చింది, పెసరట్లు కనిపించాయి. తర్వాత మొదటి జవాబు తీరిగ్గా వచ్చి వాటి మీద పెరుగు వడల్ని పరిచింది. ప్రతి లైనూ సరిగ్గానే ఉంది, తెర మీద ఫలితం తప్పు. వచ్చిన జవాబు ఇప్పటి ప్రశ్నకేనా అని సరిచూసుకోవాలి, లేదా పాత అభ్యర్థనను రద్దు చెయ్యాలి. నా అనుభవంలో కష్టపెట్టే బగ్స్‌లో ఎక్కువ భాగం ఈ సందుల్లోనే దొరుకుతాయి.

రియాక్టివ్ పద్ధతి ఎక్సెల్ వాడినవాళ్లందరికీ తెలిసిందే. ఒక గడిలో ధర మార్చితే మొత్తం గడి దానంతటదే మారుతుంది. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ 1979లో విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్‌తో జనానికి ఈ మంత్రం చూపించారు. వ్యూ, స్వెల్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు, ఇప్పుడు చాలా ఫ్రేమ్‌వర్క్‌ల్లో కనిపిస్తున్న సిగ్నల్స్, దీన్నే వెబ్ పేజీలోకి తెచ్చాయి. ఏది దేని మీద ఆధారపడిందో ఒకసారి చెప్తే చాలు, కబురు చేరవేసే పని వాటిది. మా పాత పేజీలో పైనున్న అంకె అలా లిస్టుకి కట్టి ఉంటే ఆ శనివారం ఫోన్ వచ్చేది కాదు.

ఇంతకీ ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి

రియాక్ట్ 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడు కాంపోనెంట్లలో, అంటే పేజీని కట్టే ముక్కల్లో, స్టేట్ క్లాస్ లాంటి నిర్మాణంలో ఉండేది. 2019 ఫిబ్రవరిలో ఫంక్షన్లలోనే స్టేట్ వాడుకోనిచ్చే హుక్స్ (యూజ్‌స్టేట్ అందులో ఒకటి) వచ్చాక జనమంతా ఫంక్షన్లవైపు వచ్చేశారు. కానీ ఆ ఫంక్షన్ తెర మార్చాల్సిన ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా మళ్లీ నడుస్తుంది. అలాంటప్పుడు కార్ట్‌లోని సంఖ్య ఎక్కడ దాగి ఉంటుంది? ఫంక్షన్‌లో కాదు. దాన్ని రియాక్ట్ తన దగ్గర ఉంచుకుని, ఫంక్షన్ నడిచిన ప్రతిసారీ ఆ క్షణానికి తీసిన ఫొటో ఒకటి చేతికిస్తుంది. యూజ్‌స్టేట్ ఇచ్చేది ఆ ఫొటోనే.

అందుకే ఒకే క్లిక్‌లో "సంఖ్యకి ఒకటి కలిపి సెట్ చెయ్" అని మూడుసార్లు రాసినా సున్నా ఒకటే అవుతుంది, మూడు కాదు. మూడుసార్లూ చూసింది ఒకే ఫొటో, అందులో ఉన్నది సున్నా. "ఇప్పుడెంతుందో దానికి ఒకటి కలుపు" అని ఫంక్షన్ రూపంలో ఇస్తే మూడవుతుంది. ఆ ఇంటర్వ్యూలో వాళ్లు వేసిన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఫంక్షనల్ అంటే లోకంలో ఏదీ మారదని కాదు, నా ఫంక్షన్ తనంతట తాను దేన్నీ మార్చదని. మార్చమని అడుగుతుంది. మార్చేది రియాక్ట్. తెర ఎలా ఉండాలో చెప్పే తీరు డిక్లరేటివ్, రాసే పద్ధతి ఫంక్షనల్ వైపు ఒరిగింది, క్లిక్ హ్యాండ్లర్ ఈవెంట్ డ్రివెన్, ఆ హ్యాండ్లర్ లోపల రాసే వరసలు మామూలు ఇంపరేటివ్. ఒకే ఫైల్‌లో ఇన్నీ ఉన్నాయి, ఉండాలి కూడా.

"మరి ఒకే మనిషి ఫోన్‌లో ఒకసారి, ల్యాప్‌టాప్‌లో ఒకసారి తెరిస్తే కార్ట్ ఎవరిది అన్నయ్యా?" అన్నాడు. పొట్లం ఖాళీ అయ్యేసరికి వాడు అడిగిన ఈ ప్రశ్న, పొద్దున వాడిని అడిగినదానికన్నా మంచిది.

బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ. దానికి జ్ఞాపకం లేదు. ప్రతి అభ్యర్థనా దానికి కొత్త మనిషే. ఆ మతిమరుపుకి మందుగానే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ కుకీలు, అంటే బ్రౌజర్‌లో ఉంచే చిన్న గుర్తుచీటీలు, తెచ్చారు. కాబట్టి రెండు పరికరాల్లోనూ ఒకే కార్ట్ ఉండాలంటే అసలు కార్ట్ సర్వర్‌లో ఉండాలి, బ్రౌజర్‌లో ఉన్నది దాని నకలు. ఆ నకలును నమ్మి డబ్బు తీసుకోకూడదు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి 85ను 5 చెయ్యడానికి ఎవరికైనా పది సెకన్లు చాలు. బ్రౌజర్ నుంచి ఏ ఐటమ్, ఎన్ని ప్లేట్లు అన్నది మాత్రమే తీసుకుని, ధరలు డేటాబేస్‌లోంచి తెచ్చుకుని, మొత్తం సర్వర్‌లోనే కట్టాలి.

రాత్రి పదకొండుకి వాడి నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నయ్యా, నా ప్రాజెక్ట్‌లో మొత్తం అనే వేరియబుల్ నాలుగు చోట్ల ఉంది. బ్రౌజర్‌లో ఉన్న మూడూ తీసేసి లిస్టులోంచి లెక్క కట్టిస్తున్నాను. సర్వర్‌లో ఉన్నది ఉంచాను."